డబ్బా మీద అంకె చూసి ఇన్హేలర్ మార్చకండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు. మా వారు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తా. మా బాబుకి ఏడేళ్లు, 21 కిలోలు ఉంటాడు. రెండేళ్లుగా జలుబు చేస్తే చాలు పిల్లికూతలు మొదలవుతాయి. నెలకి రెండు మూడుసార్లు రాత్రిళ్లు దగ్గుతో లేస్తాడు, మిగతా రోజులు హుషారుగానే ఉంటాడు. నిరుడు రెండుసార్లు నెబ్యులైజర్ పెట్టించాల్సి వచ్చింది. రెండుసార్లూ ఐదేసి రోజులు స్టెరాయిడ్ సిరప్ వాడాం. కొత్తపేటలో చూపిస్తే మైల్డ్ ఆస్తమా అని బుడెసొనైడ్ 100 ఇన్హేలర్, దానికి తగిలించే ప్లాస్టిక్ గొట్టం లాంటి స్పేసర్‌తో రెండుపూటలా ఒక్కో పఫ్ రాశారు. తర్వాత విజయవాడలో మా ఆడపడుచు వాళ్లు చూపించే డాక్టర్ గారు అది తీసేసి ఫ్లూటికసోన్ 50 రాశారు, అదీ రెండుపూటలా ఒక్కో పఫ్. అది అయిపోయాక మందుల షాపులో 50 స్టాక్ లేదని 125 ఇచ్చారు, "మందు అదేనమ్మా" అన్నారు. మూడు వారాలుగా అదే వాడుతున్నాం. నాలుగు నెలలుగా మాంటెలుకాస్ట్ సిరప్ కూడా పోస్తున్నాం. ఈమధ్య నిద్రలో ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నాడు. స్టెరాయిడ్ వాడితే పొడుగు ఎదగడని, ఇన్హేలర్ ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మానలేమని మా అత్తగారి భయం. మృగశిర కార్తెకి చేప మందుకి హైదరాబాద్ తీసుకెళ్దామంటున్నారు. వీటిలో ఏ స్టెరాయిడ్ మంచిది? బాగున్నప్పుడు మానేయొచ్చా? వాణ్ని క్రికెట్ ఆడనివ్వొచ్చా? — ఒక తల్లి, గుంటూరు

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన ప్రశ్నలన్నిటికంటే ముందు మీరు అడగని దాని గురించి చెప్పాలి. ఆ 125 డబ్బా. ఇవాళే విజయవాడ డాక్టర్ గారికి ఫోన్ చేసి, 50కి బదులు 125 వాడుతున్నామని చెప్పండి. వారు చెప్పేదాకా మీ అంతట మీరు ఆపకండి, అలాగని ఆ ఫోన్ రేపటికి వాయిదా వేయకండి. మూడు వారాలకే పిల్లాడికి ఏదో అయిపోయిందని టెన్షన్ పడక్కర్లేదు. కానీ అది నెలల తరబడి సాగాల్సిన మోతాదు కాదు.

ఎందుకో చెప్తాను. మీరు బహుశా ఇలా లెక్క వేసుకుని ఉంటారు: మొదటి డాక్టర్ 100 రాశారు, రెండో ఆయన 50కి తగ్గించారు, ఇప్పుడు 125, అంటే మొదటిదానికంటే ఓ పాతిక ఎక్కువ, అంతేగా. ఆ లెక్క తప్పు. మీవారిని ఒక్క మాట అడగండి: ఒక చెంచా తేజ కారం, ఒక చెంచా బ్యాడిగి కారం ఒకటేనా అని. చెంచా ఒకటే, బరువూ ఒకటే. తేజ వేసిన కూర నోట్లో పెట్టుకోలేం, బ్యాడిగి వేసిన కూరకి రంగొస్తుంది. పీల్చే స్టెరాయిడ్లు కూడా అంతే. డబ్బా మీది అంకె మైక్రోగ్రాముల్లో బరువు మాత్రమే. ఘాటు ఎంతో అది చెప్పదు.

ఫ్లూటికసోన్ బరువుకి బరువు చూస్తే బుడెసొనైడ్‌కంటే, ఇదే కోవలోని మామూలు బెక్లోమెథసోన్‌కంటే ఇంచుమించు రెట్టింపు ఘాటు. అందుకే గినా అనే అంతర్జాతీయ ఆస్తమా సంస్థ, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి తక్కువ మోతాదు అంటే ఏమిటో ఒక్కో మందుకీ విడివిడిగా రాసిపెట్టింది. బుడెసొనైడ్ అయితే రోజు మొత్తం మీద 100 నుంచి 200. మామూలు బెక్లోమెథసోన్‌కీ అంతే. ఫ్లూటికసోన్ ప్రొపియొనేట్ అయితే 50 నుంచి 100. సిక్లెసొనైడ్ అయితే 80. ఈ లెక్కన కొత్తపేట డాక్టర్ గారు రాసింది రోజుకి 200 బుడెసొనైడ్, విజయవాడ డాక్టర్ గారు రాసింది రోజుకి 100 ఫ్లూటికసోన్. రెండూ తక్కువ మోతాదే, రెండూ దాదాపు సమానమే. ఒకరు తప్పు రాసి మరొకరు దిద్దినట్టు కాదు. ఇద్దరూ ఒకే మాట రెండు రకాలుగా చెప్పారు.

షాపు వాళ్లు ఇచ్చింది మాత్రం రోజుకి 250 ఫ్లూటికసోన్. ఈ వయసు పిల్లలకి ఈ మందు 200 దాటితే ఎక్కువ మోతాదు కింద లెక్క. మైల్డ్ ఆస్తమా ఉన్న పిల్లాడికి అంత అవసరం లేదు. "మందు అదేనమ్మా" అన్నది నిజమే. తేజ మిర్చి కూడా మిర్చే.

ఇక ఏది మంచిది అన్న మీ అసలు ప్రశ్న. సమానమైన మోతాదుల్లో ఇచ్చి పోల్చి చూసిన పరిశోధనల్లో, దగ్గూ ఆయాసమూ తగ్గించడంలో ఈ మందుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఫ్లూటికసోన్ సగం మోతాదులోనే మిగతా రెండింటి పని చేస్తుందన్నదే వాటి సారం. మింగిన మందు ఒంట్లో ఎంత కలుస్తుందన్నదాంట్లో కొంచెం తేడా ఉంది. ఇన్హేలర్ కొట్టినప్పుడు గొంతులో పడి కడుపులోకి పోయే భాగం ఉంటుంది కదా, దాన్ని కాలేయం చాలావరకు విరిచేస్తుంది. బుడెసొనైడ్‌లో సుమారు పదో వంతు తప్పించుకుని రక్తంలో కలుస్తుంది. ఫ్లూటికసోన్‌లో నూటికి ఒక వంతు కూడా మిగలదు. సిక్లెసొనైడ్ అయితే ఊపిరితిత్తుల్లోకి వెళ్లాకే అసలు మందుగా మారుతుంది, అందుకని నోట్లో పూత లాంటి ఇబ్బందులు తక్కువ. వినడానికి ఇవన్నీ పెద్ద తేడాల్లా ఉంటాయి కానీ, స్పేసర్‌తో తక్కువ మోతాదు వాడుతూ నోరు పుక్కిలించి ఉమ్మేసే పిల్లాడి విషయంలో ఇవి చాలా చిన్నవి. పైగా ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్లే భాగం అన్ని మందులకీ ఉంటుంది.

కాబట్టి రెండింట్లో మీకు మీ ఊళ్లో ఎప్పుడూ దొరికేది, డాక్టర్ రాసిన అంకెలోనే దొరికేది, అదే మంచి మందు. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. నెలనెలా స్టాక్ లేక మారిపోయే మందుకంటే, వీధి చివర షాపులో ఎప్పుడూ ఉండే మందు పిల్లాడికి మేలు చేస్తుంది. రెండో డాక్టర్ గారికి ఫోన్ చేసినప్పుడు ఇదే అడగండి: "50 మాకు సరిగా దొరకడం లేదు, మళ్లీ బుడెసొనైడ్ 100కే వెళ్లమంటారా?"

మీ అత్తగారి భయం సంగతి చూద్దాం. ఆవిడ అన్నదాంట్లో కొంత నిజం ఉంది, కాబట్టి కొట్టిపారేయకండి. డాక్టర్లు చాలామంది ఇక్కడ "ఏం కాదు" అనేసి ఊరుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే అన్నాను. అది పూర్తి నిజం కాదు. అమెరికాలో ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలు 1,041 మందితో క్యాంప్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. అందులో ఒక జట్టుకి నాలుగు నుంచి ఆరేళ్ల పాటు రోజుకి 400 బుడెసొనైడ్ ఇచ్చారు. అంటే మీవాడికి రాసినదానికి రెట్టింపు. 2000లో ఫలితాలు వచ్చినప్పుడు ఆ పిల్లలు, మందు లేని ఉత్తుత్తి ఇన్హేలర్ వాడినవాళ్లకంటే సగటున ఒక సెంటీమీటరుకి కాస్త పైగా పొట్టిగా ఉన్నారు. వాళ్లే పెద్దవాళ్లయ్యాక మళ్లీ కొలిచారు. 2012లో వచ్చిన ఆ లెక్క 1.2 సెంటీమీటర్లు. చిటికెన వేలి వెడల్పంత. ముఖ్యమైనదేమిటంటే, ఆ తేడా మొదటి ఒకటి రెండేళ్లలోనే వచ్చి అక్కడే ఆగింది. ఏటా ఒక్కో సెంటీమీటరు తగ్గుతూ పోలేదు. అదే అధ్యయనంలో బుడెసొనైడ్ వాడిన పిల్లలు ఆస్తమాతో ఆసుపత్రిలో చేరాల్సి రావడం బాగా తగ్గింది కూడా.

ఆవిడకి ఇంకో లెక్క కూడా చెప్పండి. నిరుడు రెండుసార్లు పోసిన సిరప్ కూడా స్టెరాయిడే. అది రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగి, అందులో కొంచెం ఊపిరితిత్తులకి చేరుతుంది. దాని మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది, ఇన్హేలర్ మోతాదు మైక్రోగ్రాముల్లో, అంటే మిల్లీగ్రాములో వెయ్యో వంతు. ఇందాకటి కారం లెక్క ఇక్కడా వర్తిస్తుంది కాబట్టి బరువుల్ని నేరుగా పోల్చడం న్యాయం కాదు. కానీ ఏడాదికి రెండు మూడుసార్లు సిరప్ అవసరం పడే పిల్లాడికి ఇన్హేలర్ వద్దనుకోవడం స్టెరాయిడ్ తప్పించుకోవడం కాదు. ఏ ఇంట్లోనూ సిరప్ గురించి ఎవరూ భయపడరు, ఇన్హేలర్ అంటేనే భయం. ఇది నాకు ముప్పై ఏళ్లుగా అర్థం కాని విషయం. బహుశా ఇన్హేలర్ నలుగురికీ కనబడుతుంది, సిరప్ సీసా అల్మారాలో దాక్కుంటుంది.

ఆర్నెల్లకోసారి పొడుగు కొలిచి కాగితం మీద రాసిపెట్టండి. తలుపు చట్రం మీద పెన్సిల్ గీత అయినా చాలు.

"మొదలుపెడితే మానలేం" అన్నది మాత్రం నిజం కాదు. అది ఎక్కడి నుంచి పుట్టిందో చెప్తాను. మందు ఆపిన కొన్ని వారాలకి దగ్గు మళ్లీ వస్తుంది, అందుకని జనం "అలవాటు పడిపోయాడు" అంటారు. వానలో గొడుగు మూస్తే తడుస్తాం. గొడుగు అలవాటైపోయిందని అనం కదా. 2006లో వచ్చిన పీక్ అనే అధ్యయనంలో రెండు మూడేళ్ల పిల్లలు 285 మందిని తీసుకుని, సగం మందికి రెండేళ్లు ఫ్లూటికసోన్ ఇచ్చి ఆపేశారు. ఇస్తున్నంత కాలం వాళ్లు మిగతావాళ్లకంటే బాగున్నారు. ఆపాక ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒకటే. అంటే ఈ మందు జబ్బుని అదుపులో పెడుతుంది, వేళ్లతో సహా పెకలించదు. వ్యసనమూ కాదు. చాలామంది పిల్లల్లో వయసు పెరిగేకొద్దీ జబ్బే నెమ్మదిస్తుంది, అప్పుడు మందూ ఆగుతుంది.

మరి బాగున్నప్పుడు ఆపి, దగ్గొచ్చినప్పుడు వాడితే? ఇది మంచి ప్రశ్న, దీన్నీ పరీక్షించారు. 2011లో లాన్సెట్‌లో వచ్చిన ట్రెక్సా అనే అధ్యయనంలో మైల్డ్ ఆస్తమా ఉన్న 288 మంది పిల్లల్ని, ఐదు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లని, నాలుగు జట్లు చేసి 44 వారాలు చూశారు. స్టెరాయిడ్ అసలు లేకుండా, ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ (మనం ఆస్తాలిన్ అనేది) మాత్రమే వాడిన జట్టులో నూటికి 49 మందికి సిరప్ లేదా మాత్రల స్టెరాయిడ్ అవసరమయ్యేంత దెబ్బ తగిలింది. రోజూ బెక్లోమెథసోన్ వాడిన జట్టులో 28 మందికి. రోజూ మానేసి, సాల్బుటమాల్ కొట్టిన ప్రతిసారీ దాంతోపాటే బెక్లోమెథసోన్ కూడా కొట్టినవాళ్లలో 35 మందికి. రోజూ వాడి, అవసరమైనప్పుడూ కలిపి వాడినవాళ్లలో 31. రోజూ వాడిన పిల్లలు ఆ 44 వారాల్లో 1.1 సెంటీమీటర్లు తక్కువ పెరిగారు. అవసరమైనప్పుడే వాడినవాళ్లలో ఆ తేడా లేదు.

దీన్నుంచి నేను తీసుకున్నది ఇది. అన్నిటికంటే చెడ్డ దారి, మన ఇళ్లలో ఎక్కువగా నడిచే దారే: ఆయాసం వస్తే ఆస్తాలిన్ ఒక్కటే కొట్టి సరిపెట్టుకోవడం. అది ఊపిరి గొట్టాలని కాసేపు తెరుస్తుంది, లోపలి వాపుని ముట్టుకోదు. రెండోది, నెలకి ఒకటి రెండుసార్లు కూడా దగ్గని పిల్లలకి, రోజూ వాడటం ఇష్టంలేని తల్లిదండ్రులకి, రెండు ఇన్హేలర్లూ జతగా వాడే పద్ధతి ఉంది. డాక్టర్‌తో మాట్లాడి చేయొచ్చు. మీ బాబు ఆ కోవలోకి రాడని నా అభిప్రాయం. నిరుడు రెండుసార్లు సిరప్ దాకా వెళ్లాడు, రాత్రిళ్లు లేస్తున్నాడు. ప్రస్తుతానికి రోజూ తక్కువ మోతాదు వాడటమే సరైనది. మూడు నెలలు వరసగా బాగుంటే అప్పుడు తగ్గించే మాట ఎత్తండి.

ఆ తగ్గించే నెల ఏదన్నది కూడా చూసుకోవాలి. జూన్‌లో బడులు తెరవగానే క్లాసు మొత్తం జలుబు పంచుకుంటుంది, అప్పుడు వద్దు. దీపావళి ముందు వద్దు, భోగి మంటల ముందు వద్దు. ప్రయాణాలు పెట్టుకుని వద్దు. చేప మందు సంగతి మీకిప్పుడు అర్థమై ఉంటుంది. మృగశిర కార్తె సరిగ్గా ఆ జూన్‌లోనే వస్తుంది. ఆ మందు ఆస్తమాని తగ్గిస్తుందనడానికి నిరూపణ లేదు. అత్తగారితో తగువు పెట్టుకోమని నేను చెప్పను. ఏడేళ్ల పిల్లాడి గొంతులో బతికున్న చేపపిల్లని దించడం, ఆ తొక్కిసలాట జనంలో నిలబెట్టడం నాకు నచ్చదు. అయినా వెళ్తే మీ ఇష్టం, కానీ "అది వేయించాం కదా" అని ఇన్హేలర్ మాత్రం ఆపకండి. ప్రమాదం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

మాంటెలుకాస్ట్ సిరప్ గురించి. ఇది స్టెరాయిడ్ కాని ఆస్తమా మందు. నిద్రలో ఉలిక్కిపడటం, పీడకలలు, చిరాకు, ఉన్నట్టుండి మొండితనం, ఇవి ఆ మందు వల్ల కొందరు పిల్లల్లో వస్తాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2020 మార్చిలో ఈ మందు మీద తన గట్టి హెచ్చరికని, పెట్టెకట్టి రాసేదాన్ని, వేయించింది. మీవాడి ఏడుపుకి ఇదే కారణమని ఇక్కడి నుంచి నేను చెప్పలేను. కానీ మైల్డ్ ఆస్తమాలో పీల్చే స్టెరాయిడ్ దీనికంటే బాగా పనిచేస్తుంది, అది ఎలాగూ వాడుతున్నారు. కాబట్టి అదే ఫోన్‌లో "ఈ సిరప్ ఆపొచ్చా" అని కూడా అడగండి.

ఇప్పటిదాకా ఏ మందు, ఎంత అని మాట్లాడుకున్నాం. నన్నడిగితే అసలు తేడా స్పేసర్ దగ్గరుంది. మందు పనిచేయడం లేదని నా దగ్గరికి వచ్చే పిల్లల్ని మొదట "ఏదీ, ఎలా కొడతావో చూపించు" అంటాను. చాలాసార్లు మందు మార్చాల్సిన అవసరం అక్కడే తీరిపోతుంది. ఒక పాప ఊపిరి లోపలికి పీల్చకుండా బయటికి ఊదేది, ఆర్నెల్లుగా. ఒక తాతగారు పొడి ఇన్హేలర్‌లో వేసే క్యాప్సూల్‌ని మనవడికి మంచినీళ్లతో మింగించేవారు.

డబ్బాని బాగా కుదపండి. కొత్త డబ్బా అయినా, కొన్నాళ్లు వాడకుండా పెట్టినదైనా మొదటి ఒకటి రెండు పఫ్‌లు గాల్లోకి వదిలేయండి. మీవాడికి ఏడేళ్లు కాబట్టి మాస్కు అక్కర్లేదు, స్పేసర్ గొట్టాన్నే పళ్ల మధ్య పెట్టి పెదాలు మూయిస్తే ఎక్కువ మందు లోపలికి వెళ్తుంది. ఒక పఫ్ కొట్టి మామూలుగా ఐదారుసార్లు ఊపిరి తీసుకోనివ్వండి. రెండు పఫ్‌లు రాసి ఉంటే ఒకటయ్యాకే రెండోది, రెండూ ఒకేసారి స్పేసర్‌లో నింపకూడదు. ఏడుస్తున్నప్పుడు, నిద్రలో ఉన్నప్పుడు కొడితే సరిగా వెళ్లదు. పొద్దున, రాత్రి పళ్లు తోముకునే ముందు పెట్టుకుంటే పుక్కిలించడం వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు, మర్చిపోవడమూ ఉండదు.

స్పేసర్‌ని గిన్నెలు తోమే సబ్బు కలిపిన నీళ్లలో ముంచి తీసి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టండి. తుడిస్తే ప్లాస్టిక్‌కి స్థిరవిద్యుత్తు పుట్టి మందు గోడలకే అంటుకుపోతుంది, పిల్లాడికి దక్కదు. మన ఇళ్లలో శుభ్రం అంటే తళతళలాడేలా తుడవడమే కాబట్టి ఈ పొరపాటు మంచి ఇల్లాళ్లే ఎక్కువ చేస్తారు. డబ్బా నీళ్లలో వేసి తేలిందా మునిగిందా చూసి మందు అంచనా వేసే పద్ధతి నమ్మకండి. అంకెల మీటరు లేకపోతే మొదలుపెట్టిన తేదీ డబ్బా మీదే పెన్నుతో రాయండి, రోజుకి రెండు పఫ్‌ల చొప్పున లెక్క కట్టుకోండి.

మీవారు కొట్టు నుంచి రాగానే బాబుని ఎత్తుకుంటారేమో. ముందు స్నానం, బట్టలు మార్చడం, తర్వాతే ఎత్తుకోవడం. ఆ బట్టల్ని విడిగా నానబెట్టండి. మిర్చి ఘాటుకి ఎవరైనా దగ్గుతారు, అది ఆస్తమా కాదు, దాన్ని స్టెరాయిడ్ ఆపదు. కాకపోతే వాపున్న గొట్టాలకి ఆ ఘాటూ ఆ దుమ్మూ మరీ ఎక్కువ తగులుతాయి. కారం కొట్టించుకొచ్చిన రోజు జల్లించే పని బాబు బడికి వెళ్లాక పెట్టుకోండి. దోమల చుట్ట మానేసి దోమతెర కట్టండి. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే అది వీటన్నిటికంటే చెడ్డది.

ఆయాసం ముదిరితే ఆస్తాలిన్ ఎన్ని పఫ్‌లు, ఎంతెంత సేపటికి కొట్టాలో డాక్టర్ చేత ముందే కాగితం మీద రాయించి ఫ్రిజ్ మీద అంటించండి. డొక్కలు ఎగరేస్తున్నా, ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఆ కాగితం ప్రకారం మందు కొడుతూనే ఆసుపత్రికి బయల్దేరండి. మైల్డ్ ఆస్తమా ఉన్న పిల్లలకి కూడా ఒక్కోసారి ఇలాంటి దెబ్బ తగులుతుంది.

క్రికెట్ తప్పకుండా ఆడనివ్వండి. జేబులో ఆస్తాలిన్ ఉండాలి, ఎప్పుడు కొట్టాలో టీమ్‌లో ఒకడికి తెలిసి ఉండాలి. నాలుగు పరుగులు తీసేసరికి దగ్గొచ్చి కూర్చుండిపోతున్నాడంటే అది ఆట మాన్పించడానికి కారణం కాదు, జబ్బు ఇంకా అదుపులోకి రాలేదన్న కబురు. ఎన్నిసార్లు అలా కూర్చున్నాడో రాసుకుని, ఇన్హేలర్, స్పేసర్ రెండూ సంచిలో వేసుకుని ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. వాణ్నే ఆయన ముందు ఒక పఫ్ కొట్టి చూపించమనండి.